చుక్కలన్నీ ఉన్నాయా

పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పదకొండేళ్ళు కూర్చున్న మనిషికి వంకర అనేది ఎక్కడున్నా కంట్లో నలుసే. ఆ ఇంటి కోడలి సంగతీ అంతే. పగలంతా వంకర పళ్ళవాళ్ళకి తారీకులు రాసిచ్చేది. పొద్దున్నే ఓ గంటా, ఆదివారం ఓ పూటా కూర్చుని వంకర పేజీలు సరిచేసేది. ఈ రెండో పనికి జీతమూ లేదు, సెలవూ లేదు. మొగుడు లిఫ్టులు బాగుచేసే మనిషి. "జీతం లేని పనికి ఇంత శ్రద్ధేమిటే" అని ఒకసారి అన్నాడు. "నీతో కాపరం కూడా జీతం లేని పనే" అంది. మళ్ళీ అడగలేదు.

ఆ పని ఏమిటంటే, బట్ట కత్తిరించే ముందు కాగితం మీద గీసుకునే కొలతల బొమ్మ ఉంటుంది కదా, దాన్ని కంప్యూటరు చేత గీయించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఓపెన్ సోర్స్‌ది. అంటే ఊరుమ్మడి బావి లాంటిది. ఎవరైనా తోడుకోవచ్చు, తాడు తెగితే ఎవరైనా ముడెయ్యొచ్చు, నాదీ అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు. దాన్నెలా వాడాలో చెప్పే మాన్యువల్ తెలుగులో తయారవుతోంది. రాసేవాళ్ళు పదిహేను మంది, పదిహేను చోట్ల ఉన్నారు. ఒకరు శీర్షిక కింద గీత గీస్తే ఇంకొకరు లావు అక్షరాలు పెడతారు. ఒకరు మెట్లకి అంకెలేస్తే ఇంకొకరు అ ఆ ఇ ఈలు వేస్తారు. పదిహేను మంది వంటని ఒక్క చేతి వంటగా వడ్డించడం కోడలి వంతు. దానికామె నియమాలు రాసిపెట్టింది. మెట్లకి అంకెలే వెయ్యాలి. తెర మీద నొక్కాల్సిన బటన్ల పేర్లు మాత్రమే బోల్డ్. ఇటాలిక్ అసలు వద్దు, తెలుగక్షరం ఏటవాలుగా పడితే తడి బండ మీద కాలు జారినట్టుంటుంది. ప్రతి వాక్యం చివరా చుక్క ఉండి తీరాలి. ఈ చివరి దాంట్లో మరీ మొండిఘటం. అందుకే ఆ పదిహేను మందీ ఆమెకి చుక్కమ్మ అని పేరు పెట్టారు.

అత్తగారికి వీధి పెట్టిన పేరు కత్తెరమ్మ. నలభై రెండేళ్ళు కత్తెర పట్టిన చెయ్యి. ఇంటి ముందు గదే ఆవిడ కొట్టు. మనిషి రోడ్డు దాటుతుంటే కిటికీలోంచి చూసి భుజం కొలత చెప్పేసేది, టేపు పెట్టి చూస్తే అర వేలు కూడా తేడా వచ్చేది కాదు. రెండేళ్ళ కిందట చేతుల్లో వణుకు మొదలైంది. ముందు సూదిలో దారం ఎక్కడం మానేసింది, ఆ తర్వాత చాక్ గీత వంకర పోయింది. ఓ రోజు ఒకాయన చొక్కా మెడ కత్తిరిస్తుంటే కత్తెర తన దారిన తను పోయింది. ఆయనకి వేరే చొక్కా కుట్టించి ఇచ్చి, కత్తెరకి నూనె రాసి, గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేసింది. డాక్టరు మందులిచ్చాడు. వణుకు తగ్గుతుందన్నాడు గానీ పోతుందనలేదు.

ఆ కొట్టులో ఏడుగురు పని నేర్చుకుని తలో దిక్కూ వెళ్ళారు. ఎనిమిదో మనిషికి నేర్పడానికి ఆవిడకి చెయ్యి లేదు. ఈ విద్య నోటితో వచ్చేది కాదు, చెయ్యి పట్టుకుని నేర్పాల్సింది. అప్పుడు కోడలంది, రాయండి అత్తయ్యా, మా మాన్యువల్లో బొమ్మ ఎలా అచ్చు తీయాలో ఉంది, తీశాక గుడ్డ ఎలా పరవాలో, ఎక్కడ కోయాలో, ఎక్కడ కుట్టాలో ఎవరూ రాయలేదు, ఆ భాగం మీరు రాయండి అని. పాత లాప్‌టాప్ ఒకటి ఇచ్చి తెల్లటి ఖాళీ ఫైలు తెరిచి పెట్టింది. నోటితో చెబితే రాసే సదుపాయం కూడా ఫోన్లో చూపించింది. అది ఆవిడ చంక అంటే శంఖం అని రాసింది. చొక్కాకి శంఖమెందుకే అని ఫోను పక్కన పడేసి రెండు వేళ్ళతో కొట్టుకోవడం మొదలుపెట్టింది.

మొత్తం తొమ్మిది అధ్యాయాలు అనుకున్నారు. ఎనిమిది నెలల్లో ఎనిమిది పూర్తయ్యాయి. తొమ్మిదోది చెయ్యి అతకడం, కుట్టుపనిలో అన్నిటికన్నా కష్టమైనది. ఈ నెలాఖరుకి కొత్త విడుదల ఉంది. అప్పటికి సిద్ధమైనవి లోపలికెళ్తాయి, కానివి ఇంకో ఏడాది ఆగాలి. ఆవిడకి ఏడాదంటే చాలా దూరం. "ఇది ఇందులోకి దిగిందా సరే. లేకపోతే నాతోపాటే పోతుంది" అని ఓ రోజు అంది, పాలు పొంగుతున్నాయి చూడమన్నంత మామూలుగా. కోడలు స్టవ్ మంట తగ్గించింది.

మొదటి వారంలోనే ఒక తమాషా జరిగింది. ప్రతి వాక్యం చివరా చుక్క పెట్టాలి అత్తయ్యా అని కోడలు చెప్పి డ్యూటీకి వెళ్ళింది. సాయంత్రం వచ్చి చూస్తే ప్రతి వాక్యం చివరా ఒక స్టారు గుర్తు మెరుస్తోంది. ఆవిడ లెక్కలో చుక్కంటే ఆకాశంలో ఉండేది. కీబోర్డు మీద వెతికితే అచ్చం అలాంటిదే దొరికింది, పెట్టేసింది. పొట్ట పట్టుకుని నవ్వారు ఇద్దరూ. మొగుడు లోపలికొచ్చి, మీ ఇద్దరూ కలిస్తే నాకు పట్టపగలే చుక్కలు అన్నాడు. కోడలు ఆ స్టార్లన్నీ తీసి ఫుల్‌స్టాపులు పెట్టి చూపించింది. ఓహో ఇదా, దీన్ని మేం ఫుల్‌స్టాపంటాం, చుక్కనం అందావిడ. ఆ మాట కోడలి చెవిన పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు.

విడుదలకి మూడు వారాల ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం కోడలు అత్తగారి ఎనిమిది అధ్యాయాలూ ముందేసుకుంది. పేజీ నిండా అక్కడో మాట ఏటవాలుగా, ఇక్కడో మాట లావుగా ఉంది. బటన్ల పేర్లు కావు, ఏమీ కావు. చంక వంపు ఒకచోట జారిపోతుంది, ఇంకోచోట బలిసి ఉంటుంది. తీరా చూస్తే అంతా స్టార్ల మహిమ. ఫైల్లో మాటకి అటూ ఇటూ ఒక్కో స్టారుంటే పేజీ తయారుచేసే యంత్రం ఆ మాటని ఏటవాలు చేస్తుంది, రెండేసి ఉంటే లావు చేస్తుంది. స్టార్లని మాత్రం తనే మింగేస్తుంది. అత్తయ్యకి మొదటి రోజు స్టార్ల సరదా ఇంకా తీరలేదన్నమాట అనుకుంది కోడలు. నవ్వుకుంటూ మాటలకి అటూ ఇటూ అతుక్కున్న స్టార్లన్నీ ఏరేసింది, ఏడువందల పైచిలుకు. తప్పులు పట్టే ప్రోగ్రాము నడిపితే ఆకుపచ్చ టిక్కు వచ్చింది. ఎనిమిది అధ్యాయాలూ దువ్విన తలలా నున్నగా కనిపించాయి.

అదే మధ్యాహ్నం, గడియారాలు బాగుచేసే ఒకాయన రాసిన అధ్యాయంలో ఒక కామా అనుమానంగా కనిపించింది. ఆయనెవరో, ఎలా ఉంటాడో ఆమెకి తెలియదు. అయినా ఎంతో మర్యాదగా ఉత్తరం రాసింది. తమరు ఉద్దేశించే పెట్టారా, పొరపాటున పడిందా, తమ మాట విన్నాకే ముట్టుకుంటాను అని. అక్కడ ఒక కామాకి మూడు ఉత్తరాలు నడిచాయి. ఇక్కడ ఏడువందల స్టార్లకి గోడ అవతలి మనిషిని ఒక్క మాట అడగలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా.

నిజానికి అత్తగారే అడిగింది. సాయంత్రం బట్టలు మడతపెడుతూ, నా పేజీలు సర్దావటగా, చుక్కలన్నీ ఉన్నాయా అంది. కోడలు తల ఎత్తకుండానే, ఉన్నాయి అత్తయ్యా, ఒక్కటి కూడా తప్పలేదు అంది. ఆవిడ తృప్తిగా తలూపి ఇంకో దుప్పటి అందుకుంది. అయిపోయిన గుడ్డని మళ్ళీ విప్పి చూసే అలవాటు ఆవిడకి ఎప్పుడూ లేదు.

ముందుగా చదివి తప్పులు చెప్పండని ఆ పేజీలు అందరికీ తెరిచి పెట్టారు. పది రోజులకి, ఒక మంగళవారం పొద్దున, ఆసుపత్రి వార్డులో రాత్రి డ్యూటీ చేసే ఆయా ఒకామె రాసింది. చనిపోయిన తండ్రి కోటుని విప్పి, తన కొలతకి తిరిగి కుట్టుకుని, డ్యూటీకి వేసుకెళ్ళాలనుకుందట. ఫోటో కూడా పంపింది. బల్ల మీద ముదురు నీలం కోటు ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది.

"మీ పుస్తకం చాలా వివరంగా ఉంది. తప్పు నాదే అయుంటుంది. ఆరో మెట్టులో భుజం గీత మీద కత్తిరించమన్నారు, కత్తిరించాను. పదకొండో మెట్టులో భుజం గీత మీద కుట్టమన్నారు. కుడదామంటే అక్కడ గుడ్డ లేదు."

కోడలు పేజీ తెరిచింది. ఆరో మెట్టులో భుజం గీత ఉంది, పదకొండో మెట్టులోనూ భుజం గీతే ఉంది. పేరులో అక్షరం కూడా తేడా లేదు. అప్పుడు పాత ప్రతి తెరిచింది. ఆ పేజీలు దాచేచోట ఎవరేం మార్చినా ముందుదీ వెనకదీ రెండూ ఉంటాయి. ఆరో మెట్టులో భుజం గీతకి అటొక స్టారూ ఇటొక స్టారూ ఉన్నాయి. పదకొండో మెట్టులో అటు రెండూ ఇటు రెండూ. అధ్యాయమంతా పైకీ కిందికీ చూసింది. కోయమన్న చోటల్లా ఒకటి, కుట్టమన్న చోటల్లా రెండు. పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి గంట ఆలస్యంగా వస్తానని చెప్పి, లాప్‌టాప్ పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. అత్తగారు కిటికీ దగ్గర మందులు మింగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"అత్తయ్యా, వీటిలో ఒకటి పెట్టినదానికీ రెండు పెట్టినదానికీ తేడా ఏంటి?"

"చుక్కలా? ఒంటి చుక్క కోత, జంట చుక్క కుట్టు. కోత గీత బయటుంటుంది, కుట్టు గీత దానికి అర వేలు లోపల. గుడ్డ మీద గీత గీశాక దానికి ఆ కొసా ఈ కొసా చాక్‌తో పెడతాం కదా, అవే. ఎందుకూ?"

"తీసేశాను."

"ఎన్ని?"

"అన్నీ."

ఆవిడ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. పెట్టడానికి కొంచెం సేపు పట్టింది. "ఉన్నాయన్నావుగా" అంది.

కోడలు ఫుల్‌స్టాపులనుకున్నానని చెప్పింది. చెబుతుంటే ఆ మాట తనకే సిగ్గుగా వినబడింది. బూట్లు వేసుకుంటున్న మొగుడు ఏదో అనబోయి, ఇద్దరి మొహాలూ చూసి, లేసులు కట్టకుండానే బయటికి నడిచాడు.

కోడలు ఆయా రాసింది చదివి వినిపించింది. అత్తగారు ఫోటో చూపించమంది. పెద్దది చేయించుకుని చూసింది, ఇంకా పెద్దది చేయమంది. కోటు లోపలి వైపు లైనింగ్ ఉందా, ఏం రంగు అని అడిగింది. చారల గుడ్డ, బూడిద రంగు. అయితే రాయి అంది. కోడలు నిలబడే రాసింది. ఆ చారల లైనింగ్‌లోంచి రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు కత్తిరించుకోవాలి. భుజాల దగ్గరా పక్కలా ముందు ముక్కకీ వెనక ముక్కకీ మధ్య పట్టీ పెట్టాలి. రెండు వైపులా అర వేలు లోపలికి కుట్టాలి. పట్టీ ఒక వేలు మందాన పైకి కనబడుతుంది, పోయిన గుడ్డ సరిగ్గా అంతే. చారలు నిలువుగా రావాలి, అడ్డంగా వస్తే సాగుతుంది. ఇది అతుకు వేసినట్టుండదు, కావాలని పెట్టినట్టే ఉంటుంది. చివర ఆవిడ తనంతట తనే ఒక వాక్యం కలిపింది: తప్పు నీది కాదమ్మా, మాది.

పంపించాక కోడలు అక్కడే నిలబడింది. అత్తగారు కిటికీలోంచి రోడ్డు మీద మనుషుల్ని చూస్తూ, అరవకుండా, నిష్ఠూరం కూడా లేని గొంతుతో చెప్పింది. ఆ గడియారాలాయనకి నువ్వు ఉత్తరాలు గట్టిగా చదువుకుంటూ రాశావు, నాకు ఇక్కడికి వినపడింది. కామా ఉంచమంటారా తీయమంటారా అని ఎంత ముద్దుగా అడిగావు. మా కోడలు ఎంత మర్యాదస్తురాలు అనుకున్నాను.

"నన్నడగడానికి గోడ అడ్డమొచ్చిందా అమ్మాయ్?"

కోడలు చేతిలోని లాప్‌టాప్ మూసింది.

"నా భాగం తీసెయ్యి. పాడైన కోటు ఒకటి చాలు" అందావిడ. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పళ్ళ డాక్టరు దగ్గర ఆ రోజు రెండు తారీకులు తప్పుగా రాసింది కోడలు. అత్తయ్య అలిగినా సరిపోయేది. అలక తీర్చడానికి ఇంట్లో వంద దారులుంటాయి. కానీ ఆవిడ అలగలేదు. వడ్డించింది, ఉప్పు సరిపోయిందా అని అడిగింది, టీవీలో వార్తలు విని మంత్రిని తిట్టింది. లాప్‌టాప్ మూత మాత్రం తియ్యలేదు. మంగళవారం పోయింది, బుధవారం పోయింది. నెలాఖరు పది రోజుల్లో ఉంది. ఎనిమిది అధ్యాయాలు తీసేస్తే నలభై రెండేళ్ళు తీసేసినట్టే. కోడలు ఆ ఫైలు జోలికే పోలేదు. తీసెయ్యనూ లేదు, దిద్దనూ లేదు. ఈసారి అడక్కుండా ఏదీ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకుంది.

గురువారం సాయంత్రం ఆయా దగ్గర్నుంచి ఇంకో ఫోటో వచ్చింది. కోటు వేసుకుని ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఉంది. భుజాల మీదుగా, పక్కల వెంట బూడిద చారల పట్టీ. ఇదివరకు లోపల దాగి ఉన్న గుడ్డ ఇప్పుడు పైకి కనబడుతోంది. ఈ చారల గుడ్డకే మా నాన్న వాసన ఎక్కువ అని రాసింది. తప్పెవరిదన్న ఊసే ఎత్తలేదు.

కోడలు ఫోను అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ వణికే వేలితో బొమ్మని పెద్దది చేసుకోబోతే అది చిన్నదైంది. కోడలు పెద్దది చేసిచ్చింది. అత్తగారు భుజాల దగ్గర కుట్టు వెతికింది.

"కుట్టు కొంచెం పెద్దది వేసింది. పర్లేదు, మొదటిసారేగా" అంది. "ఇది కూడా పుస్తకంలో ఉండాల్సిందే అమ్మాయ్. తప్పు కత్తిరిస్తే ఏం చెయ్యాలో. కత్తిరించనివాడెవడు."

మాన్యువల్లోంచి తన భాగం తీసెయ్యమన్న మాట ఏమైందని కోడలు అడగలేదు. లాప్‌టాప్ తెచ్చి పక్కన కూర్చుని పాత ప్రతి తెరిచి చూపించింది. చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అత్తగారు నమ్మలేనట్టు చూసింది. కోసేసింది మళ్ళీ అతుక్కుంటుందా ఇందులో అని అడిగింది. ఇందులో అతుక్కుంటుంది అత్తయ్యా అంది కోడలు. మంచి గుడ్డే అందావిడ.

కానీ చుక్కలు తిరిగి పెడితే పని అయిపోదు. యంత్రం స్టార్లని మింగేసి అక్షరాన్ని లావు చేస్తుందని కోడలు వివరించింది.

"తిన్నది అదీ, లావెక్కింది అక్షరమూనా?" అందావిడ. మంగళవారం తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

ఆ తర్వాత ఒప్పుకుంది కూడా. ఒంటి చుక్కంటే కోత అని కొట్టులో నేర్చుకున్న ఏడుగురికీ తెలుసు గానీ, చదివేవాళ్ళకి తను మాత్రం ఎక్కడ చెప్పింది? నువ్వు తియ్యకపోయినా ఆ కోటు తెగేదేనేమో. తిలాపాపం తలా పిడికెడు. కోడలు తన పిడికెడు పెద్దదంది. ఆవిడ నాది అంది. బేరం తెగలేదు. చివరికి ఏం చేద్దామని కోడలు అడిగింది, నిజంగానే అడిగింది, గడియారాలాయన్ని అడిగినట్టు. అత్తగారు, చుక్కలెందుకు, మాటే పెట్టెయ్, కోత భుజం గీత, కుట్టు భుజం గీత అంది. చెవితో విన్నా తేడా తెలుస్తుంది. కోడలు నియమాల పేజీ తెరిచి, గుడ్డ మీది ప్రతి గీత పేరుకీ ముందు కోత లేదా కుట్టు ఉండి తీరాలి అని కొత్త నియమం రాసింది. అత్తగారు వంగి చూసి, చివర నీ చుక్క పెట్టలేదు అంది. పెట్టింది.

ఆదివారం పొద్దున్నే కూర్చున్నారు. ఆ చోట్లన్నిటినీ యంత్రానికి అప్పజెబితే ఒక్క నిమిషం పని. కానీ కోడలు అలా చెయ్యలేదు. పాత ప్రతిలో ఒక్కొక్కటీ చూపించి, ఇది కోతేనా అత్తయ్యా అని అడిగింది, ఊ అంటేనే మార్చింది. అడగడం మంచిదే అయింది. చేతి అలసట వల్ల ఆవిడ చుక్కలు మర్చిపోయినవి పదకొండు, రెండుకి బదులు ఒకటే పడ్డవి నాలుగు బయటపడ్డాయి. ఎనిమిది నెలలుగా ఆ పుస్తకంలో ఇంకో నాలుగు కోట్లు తెగడానికి సిద్ధంగా ఉన్నాయన్నమాట. మొగుడు టీ పెట్టి తెచ్చిచ్చాడు. చక్కెర వెయ్యడం మర్చిపోయాడు, ఇద్దరూ గమనించకుండానే తాగేశారు.

మధ్యాహ్నానికి ఐదో అధ్యాయంలో ఉండగా, ఒక పంక్తిలో వేరే ఏ మాటా లేకుండా మూడు స్టార్లు కనిపించాయి. అవి కోడలికి తెలియనివి కావు. మూడు స్టార్లు ఒంటరిగా ఉంటే యంత్రం పేజీకి అడ్డంగా ఒక గీత గీస్తుంది. ఒక విషయం ముగిసి ఇంకోటి మొదలయ్యేచోట అలాంటి గీత పెట్టొచ్చని నియమాల్లోనే ఉంది. అందుకే వాటిని ఆమె తియ్యలేదు. కానీ ఇప్పుడు ఇది వాక్యం మధ్యలో ఉంది. మెడ చుట్టూ కొలిచి, అన్నంతవరకే ఉంది. కింద గీత. గీత కింద, టేపుని వదులుగా పట్టుకుని, అని ఉంది.

"ఇవి మూడున్నాయి. ఇది కోతా, కుట్టా?"

అత్తగారు తెర వైపు చూసి, చూపు కిటికీకి తిప్పుకుంది. "అవేం కాదు, తీసెయ్" అంది.

తీసెయ్యమన్నా కోడలి వేలు కదల్లేదు. పైకి వెళ్ళింది. మొదటి అధ్యాయంలో అలాంటి గీతలు రెండే, మూడేసి పేజీలకి ఒకటి. రెండో అధ్యాయంలో పేజీకొకటి. నాలుగులో అరపేజీకి. ఏడుకొచ్చేసరికి ఐదారు వాక్యాలకి. ఎనిమిదో అధ్యాయం చివర రెండు వాక్యాలకో గీత, ఒక వాక్యానికో గీత. తొమ్మిదో అధ్యాయంలో, చెయ్యి అతకడం అనే శీర్షిక కింద, చెయ్యి మొదలు, అని రెండు మాటలు. గీత. మళ్ళీ ఏమీ లేదు. ఆ రెండు మాటలు రాసిన తారీకు నెల కిందటిది. అత్తయ్య ఆఖరి అధ్యాయాన్ని తీరిగ్గా రాస్తోందనీ, కష్టమైనది కాబట్టి ఆలోచిస్తోందనీ ఈ నెలంతా ఇంట్లో అనుకున్నారు.

"చెయ్యి ఆగినప్పుడు పెట్టేదాన్ని" అంది అత్తగారు, అటే చూస్తూ. "మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలిగా."

కోడలు గీతల వెంట మళ్ళీ పైకి వెళ్ళింది. అంత సన్నటి గీతలు. ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు చూసి ఉంటుందో, చూసిన ప్రతిసారీ ఎంత పద్ధతిగా ఉన్నాయో అనుకుని ముందుకి పోయింది. ఎందుకు చెప్పలేదని అడగబోయి మానుకుంది. ఎవరు ఎవరికి ఏం చెప్పారని ఆ ఇంట్లో. మిగిలిన చుక్కల పని సాయంత్రానికి పూర్తి చేశారు. గీతలు ఉంచనా అని ఒక్కసారి అడిగింది. ఉంచితే చదివేవాళ్ళు మధ్యలో ఆగిపోతారే, తీసెయ్ అందావిడ. అరవై నాలుగు గీతలు. ఒక్కొక్కటే తీసింది.

తర్వాత తొమ్మిదో అధ్యాయం తెరిచి, కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని, చెప్పండి అత్తయ్యా, నేను రాస్తాను అంది. నోటితో చెప్పేది కాదిది అంది అత్తగారు, ఫోను శంఖం సంగతి గుర్తు చేస్తూ. నేను ఫోన్ని కాదుగా అంది కోడలు. అర్థం కాకపోతే ఏదో ఒకటి రాసెయ్యను, అడుగుతాను. ఎన్నిసార్లయినా అడుగుతాను.

ఆవిడ లేచి కోడలి వెనక నిలబడింది. భుజం ఎముక కొసని బొటనవేలితో వెతికి పట్టుకుంది. వేలు వణుకుతోంది, కానీ చోటు తప్పలేదు. అక్కణ్ణుంచి చంక కిందికి, వీపు వైపుకి, అరచేత్తో వంపు గీసింది. వెనక వంపు కన్నా ముందు వంపు లోతు ఎందుకుండాలో చూపించడానికి కోడలి కుడిచేతిని ముందుకి చాపి, చూడు, మనిషి చెయ్యి ఎప్పుడూ ముందుకే పనిచేస్తుంది, వెనక్కి కాదు, అందుకని గుడ్డ వెనకే ఎక్కువ కావాలి అంది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని వదల్లేదు. కోడలికి రాయడానికి ఎడమచెయ్యే మిగిలింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒక్కో వేలితో కొట్టింది. అత్తగారు ఒక వాక్యం చెప్పి, అది తెర మీదికి ఎక్కేదాకా ఆగి, రెండో వాక్యం చెప్పింది. ఇలా ఎంత నెమ్మదిగా సాగుతుందో ఇన్నాళ్ళూ ఆవిడకొక్కదానికే తెలుసు.

కోత చంక వంపు దాటి కుట్టు చంక వంపు దగ్గరికి వచ్చారు. బయట ఎండ తగ్గి, గదిలో దీపం వెయ్యాల్సిన వేళైంది. మొగుడొచ్చి స్విచ్చు వేసి, తల్లి చేతుల్లో భార్య చెయ్యి చూసి, ఖాళీ టీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు.

"నొప్పెడుతోందా చెయ్యి? ఆపుదామా?" అంది అత్తగారు.

"లేదు అత్తయ్యా."

"అయితే రాయి. మడత మూడు వేళ్ళు వదిలి మొదలుపెట్టాలి."

"ఏ మూడు వేళ్ళు? అడ్డమా, నిలువా?"

"అదీ అడగాల్సిన మాట" అని, ఆవిడ తన మూడు వేళ్ళు కోడలి భుజం మీద అడ్డంగా ఆనించింది.